పొరుగు తోటలోకి వెళ్ళిన వంటిల్లు

లాయాకియా,
చంద్రుడి పండుగ వెళ్ళిన వారం, 1999

ఖిమ్ అక్కా,

బతికే ఉన్నాను. నువ్వు ఏ ఉత్తరమైనా చివరి నుంచి చదువుతావు కాబట్టి ఈ మాట చివర కూడా రాస్తాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకు. బడి మానేసిన నాటి నుంచీ అవి వంకరే, ఇప్పుడు వాటి కింద నేల కూడా వంకరే.

భూకంపంలో ఇల్లు పోయింది. ముందు గది, పడక గది, గోడ మీద మా ఆయన ఫోటో, అన్నీ ఇటుకల కింద. ఏడవకు. వంటిల్లు ఉంది! వెదురు తడికలు, పైన రేకు, మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ "కోడిగూడు" అని వెక్కిరించిందే, ఆ కోడిగూడే నిలబడింది. సోయా సాస్ సీసా కూడా పగల్లేదు. వంటిల్లు ఉంటే పండుగలకి నేనమ్మే ఎర్ర రొట్టెలుంటాయి, రొట్టెలుంటే నేనుంటాను. కాకపోతే అక్కా, ఆ వంటిల్లు ఉన్నచోట లేదు.

నవ్వకు, తాగి రాయడం లేదు. వంటిల్లు నడిచి వెళ్ళింది.

మా పెరటి చివర కంచె, కంచె అవతల లియావ్ బొక్‌సాన్ బేరి తోట నీకు తెలుసు కదా. అదే, మాటలు సంతలో కొనుక్కొచ్చి పొదుపుగా వాడే మనిషి. బొక్ అంటే చెట్టు అని వాళ్ళ అమ్మానాన్నలు పేరు పెట్టారు, నేను దాన్ని మొద్దు అని దిద్దుకున్నాను. ఒక్క కుదుపులో నేను, నా పెరడు, నా వంటిల్లు, మా వెనకున్న కొండ, అందరం కలిసికట్టుగా పడమరకి జరిగి ఆయన తోట మీదికి ఎక్కేశాం. ఎక్కడమంటే ఎక్కడమే! మొన్నటిదాకా చదునుగా ఉన్న చోట మనిషి భుజాల మీద మనిషి నిలబడ్డంత గట్టు లేచింది. గట్టు అంచున నా వంటిల్లు దర్జాగా కూర్చుంది. గట్టు కింద ఆయన చెట్ల వరస ఒకటి నలిగిపోయింది, పాపం.

ఆ గట్టు మా దగ్గర ఆగలేదు. రోడ్డు దాటి, పోకతోట దాటి, ఏట్లోకి దిగింది. మా ఏటికి జలపాతం వచ్చిందక్కా! చేపలు కింద నిలబడి, పైకెళ్ళే దారేదని చూస్తున్నాయి. నా వంటింటి రాట నుంచి బొక్‌సాన్ కంచె రాటకి కట్టిన బట్టల తీగ, మీటితే మోగేది, ఇప్పుడు ముసలి గేదె మెడ కింది తోలులా వేలాడుతోంది. రెండు రాటలూ దగ్గరకొచ్చేశాయి మరి.

ఇటుకల కిందినుంచి నన్ను ఎవరో లాగారు. మోకాలు వాచింది, అంతే. గుడారంలో ఉన్నాను. బతికే ఉన్నాను.

నీ చెల్లెలు హున్


హువాలియన్,
అక్టోబరు

హున్,

చివరి నుంచి చదివి ఏడ్చాను. మొదటి నుంచి చదివి తిట్టాను. ఇల్లు కూలినా నీ వేళాకోళం కూలలేదు.

నేల చీలి నోరు తెరిస్తే ఇళ్ళు దూరమవుతాయి గాని దగ్గరకెలా వస్తాయే? మా ఎండుచేపల బజారులో నీ ఉత్తరం చూపిస్తే అందరూ నవ్వారు. మగ్గాల మిల్లు నా చెవులు తినేసింది కాబట్టి నవ్వు నాకు వినపడదు, కానీ పళ్ళు కనిపిస్తాయి.

రెండు ప్రశ్నలు. తప్పించుకోకుండా జవాబు రాయి.

నిన్ను లాగింది ఎవరు? "ఎవరో" అని రాశావు. మీ ఊరి కుక్కల సంగతి కూడా పేరు పెట్టి రాసేదానివి, ప్రాణం కాపాడిన మనిషికి పేరు లేకుండా పోయిందా?

రెండోది, మీ బావగారు ఏమంటున్నాడు? ఆ స్థలం నీ పేరున లేదు, వాళ్ళ నాన్న నుంచి అతనికి వచ్చింది. తమ్ముడి భార్య ఆ ఇంట్లో ఉంది కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఇప్పుడు ఇల్లే లేదు.

కొండదారి బాగయిందట. వచ్చేయి. సముద్రం కనపడే గది ఖాళీ చేయిస్తున్నాను.

ఖిమ్


లాయాకియా, గుడారం నుంచి,
నవంబరు

అక్కా,

మీ బజారువాళ్ళ పళ్ళు రాలిపోను! ఇది వాళ్ళకి గట్టిగా చదివి వినిపించు.

తైపే నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. గట్టుకి అడ్డంగా గుంట తవ్వించి, గుంట గోడల మీద దారాలు కట్టి, అందులోనే కూర్చుని అన్నం తింటుంది. "ఏమ్మా, పాతిపెట్టడానికి ఇంత లోతెందుకు?" అన్నాను. పగలబడి నవ్వింది. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఒకటే కబుర్లు. ఆవిడ నోటితో చెప్పింది, నేను ముల్లంగి రొట్టెతో చేసి చూపించాను, "అచ్చం ఇదే!" అని ఫోటో కూడా తీసుకుంది.

నువ్వూ చెయ్యి. ముల్లంగి పిండిరొట్టె ఆవిరి మీద ఉడికించి చల్లారనివ్వు. కత్తి నిలువుగా దించకు, బాగా వాల్చి ఏటవాలుగా కొయ్యి. ఇప్పుడు రెండు ముక్కల్నీ రెండు అరచేతులతో దగ్గరికి నొక్కు. ముందు ఏమీ కాదు. ఒకదాన్నొకటి పట్టుకుని మొండికేస్తాయి. ఇంకా నొక్కు. ఇంకా! టక్కున జారుతుంది చూడు! తూర్పు ముక్క పడమటి ముక్క వీపెక్కేస్తుంది. చీలిక నోరు తెరిచిందా? లేదు, మూసుకునే జారింది. రొట్టె ఎత్తు పెరిగింది, పొడవు తగ్గింది. తగ్గిన ఆ పొడవే నా బట్టల తీగ! మన ముత్తాతల ముందు నుంచీ కొండ ఇటు తోస్తూనే ఉందట, నేల పళ్ళు బిగబట్టి ఓర్చుకుందట, ఆ రోజు పట్టు వదిలేసిందట. ఇంత భాగోతమూ గుక్క తిప్పుకునే లోపు! నేను కాలు కదపకుండా, టికెట్ కొనకుండా ప్రయాణం చేశానక్కా!

ఇక చిక్కు విను. భూమి కొలిచే ఆఫీసువాళ్ళు వచ్చారు. పటంలో హద్దు పాతచోటే ఉంది, పటానికి భూకంపం రాలేదు కదా. ఆ పటం ప్రకారం నా వంటిల్లు, గుమ్మం తప్ప మొత్తం, బొక్‌సాన్ నేలలో ఉంది! గుమ్మం అత్తింటివాళ్ళది, పొయ్యి పొరుగాయనది. అలా కాకుండా, హద్దురాళ్ళు ఇప్పుడు ఎక్కడికి జరిగాయో అదే కొత్త హద్దు అనుకోవచ్చట. దానికి రెండు వైపుల యజమానులూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పాత పటమే.

బావగారు తైచుంగ్ నుంచి తెల్లబూట్లేసుకుని దిగాడు. స్థలం అమ్మేస్తాడట.

"ఇల్లు కూలింది కదమ్మా, ఇంకా ఇక్కడ నీకేముంది?"

"వంటిల్లుంది బావగారూ."

"ఆ కోడిగూడా?"

"మీ తమ్ముడు మంచాన పడ్డప్పుడు చివరిదాకా గంజి వచ్చింది ఈ కోడిగూట్లోంచే."

కాసేపు బూట్లు చూసుకున్నాడు. తర్వాత గొంతులో బెల్లం కలిపాడు. "బొక్‌సాన్ నా మాట వినడు. నువ్వు కొత్త హద్దుకి ఒప్పించు. ఒప్పిస్తే వంటిల్లూ, దాని కింద నేలా నీకు వదిలేస్తా. పూజలో పెట్టుకున్న మా నాన్న పేరు పలక మీద ఒట్టు."

అందుకని మొద్దుకి లంచం పెడుతున్నాను. రోజూ మధ్యాహ్నం గిన్నెకి తాడు కట్టి గట్టు మీంచి వెదురు మొలకల పులుసు దింపుతాను. ఖాళీ గిన్నె కడిగి తాడుకి కడతాడు. మాటా లేదు, పలుకూ లేదు. ఒకరోజు తలెత్తి, "ఉప్పు తక్కువ" అన్నాడు. ఒళ్ళు మండింది. మర్నాడు గుప్పెడు ఉప్పు కుమ్మరించి దింపాను. గిన్నె ఖాళీగానే వచ్చింది! "ఎలా ఉంది?" అని అరిచాను. "పరవాలేదు" అన్నాడు. ఆ పూట ఆయన తాగిన నీళ్ళకి మా కొత్త జలపాతం సన్నబడింది.

నేలతాత గుడికి కూడా వెళ్ళాను. "తాతా, వంటిల్లు నాకు దక్కుతుందా?" అని నెలవంక చెక్కలు విసిరాను. ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే అవునని కదా, రెండూ వెల్లకిలా పడ్డాయి. దేవుడు నవ్వుతున్నాడు! మళ్ళీ వేస్తే మళ్ళీ నవ్వు. "ఏమిటా ఇకిలింపు, నీ గుడి కూడా ఒరిగింది, ముందు అది చూసుకో" అని వచ్చేశాను.

నీ మొదటి ప్రశ్నకి జవాబు: అవును, ఆ మొద్దే లాగాడు. ఇంకేం అడగకు.

హున్


హువాలియన్,
డిసెంబరు

హున్,

రొట్టె కోశాను, నొక్కాను, జారింది. కేకేశానట, పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడు బజారంతా రొట్టెలు వాల్చి కోస్తోంది. ఇక్కడ ముల్లంగి దొరక్కుండా పోతే ఆ పాపం నీదే.

నీ ఉత్తరంలో నేల సంగతి ఉంది, బావగారి సంగతి ఉంది, కానీ పులుసు సంగతే కళకళలాడుతోంది. లంచమిచ్చేవాళ్ళు లంచం రుచిగా ఉందో లేదో అరిచి అడగరే.

బావగారి ఒట్టు నమ్మకు. ఆ పలక మీద అతను వేసిన ఒట్లకి వాళ్ళ నాన్న పరలోకంలో ఎన్నిసార్లు చెవులు మూసుకున్నాడో. నీ పెళ్ళిలో స్థలంలో సగం తమ్ముడికి రాస్తానని మనవాళ్ళకి మాటిచ్చి ఎగ్గొట్టింది నేను మర్చిపోలేదు. నోటి మాట కాదు, కాగితం రాయించుకో.

ఇక్కడ గదికి సున్నం వేయించాను. కిటికీ తెరిస్తే సముద్రమే. ఇక్కడివాళ్ళూ పండుగలకి ఎర్ర రొట్టెలు తింటారు. కొత్త సంవత్సరానికి వచ్చేస్తే చాలు, వెళ్ళిపొమ్మని నేననను.

"ఇంకేం అడగకు" అంటే నీ భాషలో "అడుగు" అని. అడుగుతున్నాను. ఎలా లాగాడు?

ఖిమ్


లాయాకియా,
జనవరి

అక్కా,

వస్తున్నాను. గది ఊడ్చి ఉంచు.

నిన్న బడి మైదానంలో గుడారం వేసి హద్దుల సంగతి తేల్చారు. ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ గంజి పోస్తున్నది నేనే. ఆఫీసరు మా స్థలం పేరు పిలిచాడు. బావగారు లేచి, "కొత్త హద్దే" అన్నాడు. నేను నా పులుసు మీద నమ్మకంతో పెళ్ళికూతురిలా నవ్వుతూ నిలబడ్డాను.

మొద్దు లేచాడు. టోపీ తీశాడు.

"పాత పటమే" అన్నాడు.

ఆఫీసరే ఆశ్చర్యపోయాడు. "లియావ్ గారూ, అలాగయితే పక్కావిడ వంటిల్లు మీ నేలలోకి వచ్చేస్తుంది."

"తెలుసు."

"ఆవిడకి వేరే నీడ లేదు."

"అదీ తెలుసు."

చేతిలో గరిటె ఉంది. విసిరాను. ఆయనకి తగల్లేదు, ఆఫీసరు టీ కప్పుకి తగిలింది. "తాగిన పులుసంతా కక్కిపో!" అని అరిచాను. ఆ మనిషి వంగి, గరిటె తీసి, చొక్కాకి తుడిచి, నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఊరంతా నా మొహమే చూసింది. ఎప్పుడూ నేను నవ్వించే జనం, నిన్న నవ్వకుండా చూశారక్కా. అదే తట్టుకోలేకపోయాను.

బావగారి మొహం ఇటుక రంగులోకి తిరిగింది. బయట కారులో ఎవరో పెద్దమనిషి కాచుకున్నాడు, అతనితో చేతులూపుతూ, "పడగొట్టి దారి వేద్దామనుకున్న చోటే పోయిందండీ" అని మొత్తుకుంటున్నాడు. నేను పట్టించుకోలేదు. నా చెవుల్లో "పాత పటమే" ఒక్కటే మోగుతోంది.

ఎలా లాగాడని అడిగావు కదా. చెప్పేస్తాను, ఇక దాచుకుని ఏం లాభం. చేతులతోనే ఇటుకలు తీశాడు. తీసినంత సేపూ "అహున్! అహున్!" అని అరుస్తూనే ఉన్నాడు, గొంతు పోయేదాకా. ఇన్నేళ్ళ పొరుగులో ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. ఇటుకల కింద పడి ఉండి కూడా నేను అనుకున్నదేమిటో తెలుసా, ఈయనకి నా పేరు తెలుసే అని. అందుకే నీకు "ఎవరో" అని రాశాను. ఆ అరిచిన మనిషి వేరు, నిన్నటి మనిషి వేరు.

మూట కట్టేశాను. మూకుడు, ఆవిరి బుట్టలు, రొట్టెల అచ్చు. బస్సు దొరకగానే బయల్దేరతాను.

హున్


హువాలియన్,
ఉత్తరం అందిన రోజే

ఒసే తిక్కదానా,

మూట విప్పు! ఈ ఉత్తరం అందేలోపు బస్సెక్కి ఉంటే దారిలోనే దిగి వెనక్కి నడు.

నేను చెవిటిదాన్ని సరే, చెవులుండీ నువ్వు చేసిందేమిటి? నీ చేత్తో నువ్వు రాసిన ఉత్తరమే మళ్ళీ చదువు. "పడగొట్టి దారి వేద్దామనుకున్న చోటే పోయింది." ఎవరన్నారు? మీ బావగారు. ఏ చోటు? నీ వంటిల్లున్న చోటు. ఎప్పుడనుకున్నాడు? నీకు పలక మీద ఒట్టు వేస్తూనే అనుకున్నాడు.

ఇప్పుడు నీ రొట్టె ముక్కలు మళ్ళీ పెట్టుకుని ఆలోచించు. కొత్త హద్దు నిలిస్తే వంటిల్లు ఎవరి నేల మీద ఉండేది? బావగారి నేల మీద. మర్నాడే పడగొట్టేవాడు, నువ్వు గరిటె ఎంత విసిరినా. పాత పటం నిలిచింది. ఇప్పుడు నీ కోడిగూడు మీద చెయ్యి వేయాలంటే ఎవరినడగాలి? ఆ మొద్దునడగాలి! ఆ మనిషి తన నేల తీసుకెళ్ళి నీ పొయ్యి కింద పరిచాడే, ఊరందరి ముందు నీ తిట్లు తింటూ!

అరిచిన మనిషీ, నిన్నటి మనిషీ ఒక్కరే.

వెళ్ళి నోరారా అడుగు. గరిటె తీసుకెళ్ళకు.

సముద్రం గదికి తాళం వేస్తున్నాను. తాళం తిప్పేటప్పుడు నాకేమనిపించిందో రాయను. వచ్చి నాతో ఉంటావని చాలా అనుకున్నాను, అంతే.

ఖిమ్


లాయాకియా,
కొత్త సంవత్సరం వెళ్ళాక, 2000

అక్కా, అక్కా, అక్కా!

వెళ్ళాను! గరిటె తీసుకెళ్ళలేదు!

తోటలో నిచ్చెనెక్కి అంట్లు కడుతున్నాడు. చలిదేశపు బేరి పుల్లని మన చెట్టు కొమ్మలో దోపి టేపు చుట్టడం, అదే పని. పళ్ళ మధ్య టేపు పట్టుకున్నాడు, మాట్లాడకపోవడానికి మంచి సాకు.

"పాత పటమని ఎందుకన్నావు?"

"ఊఁ."

"ఊఁ కాదు. చెప్పు, లేదా నిచ్చెన లాగేస్తా."

కొంచెం లాగాను కూడా. "ఓయ్ ఓయ్, మళ్ళీ భూకంపం!" అని కొమ్మ పట్టుకున్నాడు. టేపు కింద పడింది, నోరు ఖాళీ అయింది. ఇక చెప్పక తప్పలేదు. బావగారూ, ఆ కారాయనా గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటుంటే ఈయన సరిగ్గా కిందే ఉన్నాడట. గట్టు కింద మనిషి ఉంటాడని వాళ్ళకి తట్టలేదు, అంతకుముందు అక్కడ కింద అనేదే లేదు కదా! వంటిల్లు కూల్చి రోడ్డు దాకా దారి తీస్తామని బేరం చేసుకున్నారట.

"మరి నాకు చెప్పకుండా ఎందుకు చచ్చావు? రోజూ పులుసు దింపానే!"

"చెప్తే నీ నోట్లో ఆగుతుందా?" అన్నాడు. "సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది. మర్నాటికి తైచుంగ్‌కి తెలుస్తుంది. మీ బావగారు ఇంకో ఎత్తు వేస్తాడు."

"ఒప్పుకుంటాననే కదా నా పులుసంతా తాగావు!"

"ఒప్పుకోమని నువ్వు పంపావు. ఒప్పుకుంటానని నేననలేదు."

అక్కా, చూశావా! ఊళ్ళో ఎవరినైనా ఆటపట్టించేది నేనే కదా, నన్నే ఆటపట్టించాడు, అదీ ఊరందరి ముందు, అదీ రెండే రెండు మాటలతో! నా మొహం చూసి ఆయనకి నవ్వొచ్చింది. ఆ మొద్దు నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది, ఇన్నేళ్ళు ఎవరికీ చూపించకుండా దాచాడు దొంగ! రేపు ఆఫీసుకెళ్ళి నేల ఆయనది, వంటిల్లు నాది, నేనున్నంత కాలం ఎవరూ కదపకూడదు అని రాయిస్తానన్నాడు. "రాయించు, నువ్వు నోటితో చెప్పేది ఎవరికి వినపడుతుంది గనక" అన్నాను.

బావగారు కడుపుమంట తీర్చుకున్నాడులే. గుమ్మం తన నేలలో ఉంది కదా, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా ముళ్ళతీగ బిగించాడు. మూడు రోజులు కిటికీలోంచి దూరాను, ఈ వయసులో, ఈ నడుముతో! రొట్టెలకి వచ్చినవాళ్ళు నా కాళ్ళు గాల్లో ఆడటం చూసి చప్పట్లు కొట్టారు. నేనూ వంగి దణ్ణం పెట్టాను.

నిన్న పొద్దున బొక్‌సాన్ రంపంతో వచ్చాడు. పడమటి తడిక మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ కొయ్యనా?" అని అడిగాడు. నేల ఆయనదే, అయినా అడిగాడు చూడు. కొయ్యమన్నాను. తోటవైపు తలుపు వచ్చింది. తెరిస్తే ఎదురుగా గాలి, కింద బేరిచెట్లు. ఒక్క అడుగు వేస్తే నేరుగా ఆయన నెత్తి మీద పడతాను.

అందుకని ఇవాళ గట్టుకి మెట్లు తవ్వుతున్నాడు. శాస్త్రవేత్త లబోదిబోమంటూ వచ్చింది, "నా గట్టు పాడుచేస్తున్నారు!" అని. రొట్టె పెట్టాను. తిని, ఎక్కడ తవ్వొచ్చో ఎక్కడ తవ్వకూడదో తనే ఎర్ర దారం కట్టి చూపించి వెళ్ళింది.

నేను కొత్త తలుపులో కూర్చుని చూస్తున్నాను. మెట్లు మరీ దగ్గర దగ్గరగా, బొమ్మరింటి మెట్లలా వస్తున్నాయి.

"ఓయ్ మొద్దూ!" అని అరిచాను. "ఏమిటా పిల్లలాట? తాటిచెట్టంత మనిషివి, ఒక్క అంగలో మూడు దాటేస్తావు. పెద్దగా తవ్వు!"

తలెత్తలేదు. పార ఆపలేదు.

"నేను ఎక్కడానికి కాదు," అన్నాడు. "నువ్వు దిగడానికి."

నేనేమన్నానని అడుగుతావు. దిగి చూశాను. సరిగ్గా సరిపోయాయి.

హున్